మిర్చి ఎగుమతి ఒప్పందం చివరి పేజీ ఎవరు చదవాలి?

గుంటూరు మిర్చి యార్డులో తేజ రకం కాయకు క్వింటాలు మీద వంద రూపాయలు అటూ ఇటూ అయితే బేరం ఒక పట్టాన తెగదు. అదే కాయ విదేశానికి వెళ్లేటప్పుడు మాత్రం, తగాదా వస్తే ఎక్కడ, ఏ చట్టం కింద తేల్చుకోవాలో కొనుగోలుదారు ఒప్పందం చివరి పేజీలో రాసి పంపిన నాలుగు వరుసల మీద ఎవరి చూపూ నిలవదు. ధర, తేమ శాతం, షిప్‌మెంట్ తేదీ చూసుకుని సంతకం పెట్టేస్తారు. అంతర్జాతీయ వ్యాపార ఒప్పందాలే పనిగా పెట్టుకుని ఐదారుగురు న్యాయవాదులతో నడిచే బొటీక్ లా ఫర్ములు గుంటూరు, విజయవాడలకు అవసరమా అన్న ప్రశ్నకు జవాబు ఆ నాలుగు వరుసల్లోనే ఉందని నా అభిప్రాయం.

డబ్బు కట్టి పత్రాలు విడిపించుకునే పద్ధతిలో, వ్యాపారుల మాటలో డీపీ మీద, చెన్నై రేవు నుంచి ఒక కంటైనర్ వెళ్లిందనుకుందాం. ఓడ అవతలి రేవు చేరేసరికి అక్కడ ధర పడిపోయింది. కొనుగోలుదారు బ్యాంకు నుంచి పత్రాలు విడిపించుకోడు. కాయకు బూజు పట్టిందనో, బూజు వల్ల పుట్టే విషపదార్థం అఫ్లాటాక్సిన్ ఎక్కువ వచ్చిందనో మెయిల్ పెట్టి, టన్నుకు ఇంత తగ్గిస్తేనే తీసుకుంటానంటాడు. రోజు గడిచేకొద్దీ డెమరేజీ, అంటే సరుకు రేవులో నిలిచిపోయినందుకు కట్టాల్సిన రుసుము, పెరుగుతుంది. పోనీ సరుకును మరొకరికి అమ్ముదామంటే, కొన్ని దేశాల్లో కస్టమ్స్ అధికారులు మొదటి దిగుమతిదారు నుంచి నిరభ్యంతర పత్రం తెమ్మంటారు. ఆ పత్రం ఇవ్వాల్సింది తగ్గింపు అడుగుతున్న ఆ మనిషే. ఈ దశలో ప్లీడరు దగ్గరికి పరుగెత్తితే ఆయన నోటీసు పంపడం తప్ప చేయగలిగింది తక్కువ. ఒప్పందం రాసుకునే రోజునే పిలిచి ఉంటే, అడ్వాన్సు ఎంత ఉండాలో, ఏ ప్రయోగశాల ఫలితం ఇద్దరికీ అంతిమమో, సరుకు దిగిన ఎన్ని రోజుల్లోగా అభ్యంతరం చెప్పాలో, సరుకు తనిఖీ చేసే సర్వేయర్‌ను ఎవరు నియమించాలో అందులో రాయించేవారు. యూరోపియన్ యూనియన్‌లో ఎండుమిర్చికి అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అఫ్లాటాక్సిన్లు మొత్తం కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ఇంత సన్నటి కొలతల్లో ఒకే లాటు నుంచి తీసిన రెండు నమూనాలు రెండు ఫలితాలు చూపవచ్చు కాబట్టి, ఎవరి నమూనా చెల్లుతుందన్నది పరీక్షకు ముందే కాగితం మీద తేలి ఉండాలి.

తగాదా వస్తే మన విజయవాడ కోర్టే అని రాయించుకుంటే చాలదా అని అడిగేవారున్నారు. దావా వేయవచ్చు, డిక్రీ కూడా రావచ్చు. కానీ కొనుగోలుదారు ఆస్తులున్న దేశం ఆ డిక్రీని గౌరవించాలి కదా. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద, పరస్పరం డిక్రీల అమలుకు భారత్ గుర్తించిన జాబితాలో బ్రిటన్, సింగపూర్, మలేసియా, బంగ్లాదేశ్ ఉన్నాయి, 2020లో యూఏఈ చేరింది. మన మిర్చికి పెద్ద మార్కెట్టయిన చైనా లేదు, అమెరికా కూడా లేదు. కోర్టుకు బదులు ఇరుపక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తి ఇచ్చే ఆర్బిట్రేషన్ తీర్పు సంగతి వేరు. విదేశీ ఆర్బిట్రేషన్ తీర్పుల అమలు కోసం 1958లో కుదిరిన న్యూయార్క్ ఒప్పందంలో భారత్, చైనా, అమెరికా మూడూ ఉన్నాయి. కేంద్రం 2012లో గెజిట్‌లో నోటిఫై చేయడంతో చైనాలో వెలువడిన తీర్పును ఇక్కడ అమలు చేయించుకునే వీలు కూడా ఏర్పడింది, అంటే ఈ కత్తికి రెండు వైపులా పదునుంది. అలాగని ప్రతి ఒప్పందంలోనూ సింగపూర్‌ను ఆర్బిట్రేషన్ సీటుగా, అంటే ఆ విచారణకు చట్టపరమైన స్థానంగా, పెట్టేయడం నాకు సమ్మతం కాదు. ఒకటి రెండు కంటైనర్ల సరుకుకు అక్కడి ఖర్చులు భరించడం అసలు సొమ్మును వదులుకోవడంతో సమానం. చిన్న లావాదేవీలకు సీటు భారత్‌లోనే ఉంచి, ఒక్క ఆర్బిట్రేటర్‌తో, ఆన్‌లైన్ విచారణతో ముగించేలా రాసుకోవడమే మేలు. ఏ లావాదేవీకి ఏది పొసగుతుందో చెప్పడమే ఇలాంటి ఫర్మ్ అసలు పని.

సరైన పత్రాలు అందిస్తే డబ్బు తానే చెల్లిస్తానని కొనుగోలుదారు బ్యాంకు రాసిచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉంటే ఇక భయం లేదన్న ధీమా కూడా సగమే నిజం. ఇలాంటి లెటర్ల విషయంలో బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమావళి, యూసీపీ 600 నిబంధనల ప్రకారం బ్యాంకులు చూసేది పత్రాలనే, సరుకును కాదు. పత్రాలు అందాక పరిశీలనకు వాటికి ఐదు బ్యాంకు పని దినాల గడువుంటుంది. షిప్‌మెంట్ తేదీ ఒక్క రోజు దాటినా చెల్లింపు నిరాకరించే హక్కు బ్యాంకుకు ఉంటుంది.

ఈ ఫర్ముల పరిమితులూ తక్కువేమీ కావు. చైనా చట్టం మీద సలహా చైనా న్యాయవాదే ఇవ్వాలి; కాబట్టి అక్కడ నమ్మదగిన న్యాయవాది ఎవరో తెలిసి ఉండటం, ఆ ఫీజును ముందే చెప్పగలగడం ఇక్కడి ఫర్మ్ సత్తాకు గుర్తు. మరోవైపు బార్ కౌన్సిల్ నిబంధనలు న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోవడాన్ని నిషేధించాయి. గవర్నర్‌పేటలోనో బ్రాడీపేటలోనో ఇలాంటి పని తెలిసిన వారున్నా, ఎగుమతిదారుకు ఆ కబురు ఇంకో ఎగుమతిదారు నోటి నుంచే అందాలి. డబ్బు వస్తే అందులో ఇంత వాటా అన్న బేరానికీ ఆ నిబంధనలు ఒప్పుకోవు. కనుక పని గంటలకో, ఒప్పందానికి ఇంత అనో ముందుగా ఫీజు కట్టక తప్పదు; మన వ్యాపారులకు మింగుడుపడనిది ఇదే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. యార్డు చుట్టూ ఉన్న ఎగుమతిదారులు ఒకే విదేశీ కొనుగోలుదారు కోసం పోటీ పడటం కొత్తేమీ కాదు. ఊళ్లో ఈ పని తెలిసిన ఫర్మ్ ఒకటో రెండో ఉంటే, పోటీదారులిద్దరి ధరలూ, అరువు షరతులూ ఒకే బల్ల మీదికి చేరతాయి. పెద్ద నగరంలో రెండో వ్యాపారిని వేరే సంస్థకు పంపించవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు తక్కువ. అందుకే ఫీజు ఎంత అని అడిగే ముందు, నా పోటీదారు పని మీరు చేస్తున్నారా, చేస్తుంటే ఇద్దరి కాగితాలూ చూసే న్యాయవాదులు వేర్వేరా అని ఎగుమతిదారు అడగాలి, ఆ జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి.