ఎక్సెల్ షీటు, ఎక్సెల్ బండి

ముందే చెప్తున్నా, బండి పడలేదు. గీత కూడా పడలేదు. ఆదివారం టెస్ట్ రైడ్‌కి బండి ఇచ్చిన షోరూమ్ వాళ్ళు ఫోన్ టార్చి వేసి మరీ చుట్టూ తిరిగి చూసుకున్నారు. కాబట్టి "ఏంట్రా, కొత్త బైకు పడేశావంట" అని నిన్నటినుంచి ఫోన్లు చేస్తున్నవాళ్ళందరికీ ఇదే నా సంజాయిషీ. పడేసి ఉంటే బాగుండేది. కనీసం దెబ్బలేమైనా తగిలాయా అని అడిగేవాళ్ళు.

నా హీరో హోండా కరిజ్మా బైకుని 2009లో కొన్నా. 223 సీసీ, పదిహేడు గుర్రాల శక్తి, ట్యాంకు మీద మా అమ్మాయి చిన్నప్పుడు తాళంచెవితో గీసిన నెమలి. ఆ తర్వాత హీరో, హోండా విడిపోయాయి, రాష్ట్రం విడిపోయింది, నా బండి మాత్రం ఏపీ 28 నెంబరుతో అలాగే ఉంది. పదిహేనేళ్ళు దాటాయని రిజిస్ట్రేషన్ రెన్యువలు, గ్రీన్ ట్యాక్సు అంటూ తిప్పారు. ఆ తిరుగుళ్ళలోనే బుద్ధి పుట్టింది, ఎందుకొచ్చిన గొడవ, మంచి స్పోర్ట్ టూరర్ ఒకటి తీసుకుంటే పోలా అని.

స్పోర్ట్ టూరర్ అంటే తెలియనివాళ్ళకి: రేసు బండికీ నడుం నొప్పికీ మధ్య కుదిరిన రాజీ. ముందు గాలి అద్దం, వెనక రెండు పక్కలా పెట్టెలు, నిటారుగా కూర్చునే వీలు. నలభై ఏడేళ్ళవాడి కోసమే కనిపెట్టినట్టుంటుంది.

అయితే నేను ఆవేశంగా కొనేసే మనిషిని కాను. ఎక్సెల్ షీటు వేశా. రెండేళ్ళుగా వేస్తూనే ఉన్నా. నలభై వరసలు, ఆరు బళ్ళు, ప్రతి గడికీ మార్కులు. నేనిలా మార్కులు వేసుకుంటూ ఉండగానే 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారిపోయింది. 350 సీసీ లోపు బళ్ళకి 18 శాతానికి దిగింది. దాటితే, సెస్సుతో కలిపి 31 ఉన్నది కాస్తా 40 అయింది. అంటే 350 దాకా సామాన్యుడు, ఆపైన ఒక్క సీసీ ఎక్కువైనా గ్యాసు కూల్‌డ్రింకుల వరసలో నిలబడాల్సిందే. "చూశారా, ఆలోచిస్తూ కూర్చున్నందుకు తొమ్మిది శాతం" అని మా ఆవిడ అంది. అది వెక్కిరింపో, కొనుక్కోమనే సూచనో ఇప్పటికీ తేలలేదు.

షీటులో అన్నిటికన్నా బాధపెట్టే వరస రోడ్డుది. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. అద్దంలాంటి రోడ్డు. టూవీలర్లకి ప్రవేశం లేదు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదా అంతే. పదమూడు, పద్నాలుగు లక్షలు పోసి, గంటకి రెండొందల పైన పోయే బండి కొని, ఆ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డులో గేదెల వెనక పోవాలి. పోనీ శ్రీశైలం పోదామా అంటే, అడవి దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తే తెల్లారి ఆరు దాకా తీయరు. ఎన్ని గుర్రాలున్నా ఆ గేటు ముందు నా కరిజ్మా పక్కనే నిలబడాలి.

ఇన్ని తెలిసీ ఆదివారం షోరూమ్‌కి వెళ్ళా. పేరు అనవసరం. లైసెన్సు జిరాక్సు, మూడు ఓటీపీలు, "ఏ డ్యామేజీ జరిగినా పూర్తి బాధ్యత నాదే" అని రెండు చోట్ల సంతకం. ఆ కాగితం మీద ఉన్నంత చిన్న అక్షరాలు నేను మందు సీసాల మీద కూడా చూడలేదు. తర్వాత నాకో కుర్రాణ్ణి అప్పగించారు. ఇరవై మూడేళ్ళుంటాయి, తెల్ల చొక్కా, టై. నేను బైకు మీద, అతను నా వెనక స్కూటీ మీద. కంపెనీ పాలసీ అట.

మొదటి నాలుగు కిలోమీటర్ల గురించి ఏమీ చెప్పను. ఇది మా ఆవిడ కూడా చదువుతుంది.

కోకాపేట దగ్గర సర్వీసు రోడ్డు పక్కన ఒక టిఫిన్ సెంటర్ కనపడింది. ఆగాలనిపించింది. ఆకలేసి కాదు, ఫొటో కోసం. ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో పెట్టడానికి. వెనక ఆకాశం బాగుంటుందని రోడ్డు దిగి, కంకర పల్లంలోంచి నేరుగా గోడ దాకా పోయి ఆపా. స్టాండు వేసి, జారిపోకుండా గేరులో పెట్టి దిగా. చేతులు కట్టుకుని ఒకటి, హెల్మెట్ చంకలో పెట్టుకుని ఒకటి, ఎటో చూస్తున్నట్టు ఒకటి. కుర్రాడు బాగానే తీశాడు.

మళ్ళీ ఎక్కి కూర్చున్నాక అర్థమైంది. ముందు గోడ. వెనక ఎత్తు. కింద కంకర. నా కింద 230 కిలోల పైచిలుకు బండి. దానికి రివర్స్ గేరు లేదు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే నేను కూడా ఆగా. పావుగంట. సీటు ఎత్తుకి నా కాళ్ళు రెండూ మునివేళ్ళ మీదే ఆనుతున్నాయి. ఆ మునివేళ్ళతో వెనక్కి తోస్తే బండి వెనక్కి పోవడం లేదు, కంకర ముందుకి పోతోంది. దిగి హ్యాండిల్ పట్టుకుని తోద్దామంటే, ఎటు ఒరిగినా ఆ రెండు సంతకాలు కళ్ళముందు మెదులుతున్నాయి. ఒరిగే వైపు నేనుంటే నా మీద, లేకపోతే నా బ్యాంకు ఖాతా మీద. రివర్స్ గేరున్న మోటారు సైకిళ్ళు లేకపోలేదు. హోండా గోల్డ్‌వింగ్‌కి ఉంది, 1833 సీసీ, ధర నలభై లక్షల చుట్టుపక్కల. రెండేళ్ళుగా ఆ నలభై లక్షలు ఎవడు పెడతాడ్రా అనుకునేవాణ్ణి. ఆ పావుగంటలో తెలిసింది, ఇలా గోడకి మొహం పెట్టి కూర్చున్నవాళ్ళే పెడతారు. మా అమ్మాయి స్కూటీ అయితే ఒక చేత్తో లాగి తిప్పేసేది. రెండేళ్ళలో నలభై వరసలు రాసినవాణ్ణి, నలభై ఒకటో వరస "పల్లంలో ఆపితే ఎలా" అని రాసుకోలేదు.

"బాబూ, కాస్త ముందు నుంచి తోయవా" అన్నా.

"సార్, మేం టచ్ చేస్తే ఇన్సూరెన్స్ ప్రాబ్లం అవుద్ది సార్. టెస్ట్ రైడ్‌లో కస్టమరే హ్యాండిల్ చేయాలి. పాలసీ."

"మరి నువ్వు వెనకాల ఎందుకొచ్చావు?"

"సపోర్ట్ కోసం సార్."

సపోర్ట్ నిజంగానే ఇచ్చాడు, కాదనను. నేను మునివేళ్ళ మీద కంకర తవ్వుతుంటే, పక్కన నిలబడి అరవై నెలల ఈఎంఐ ఎంత పడుతుందో చెప్పాడు. నెలాఖరులోపు బుక్ చేస్తే హెల్మెట్ ఫ్రీ అన్నాడు. "సార్‌కి బండి బాగా సెట్ అయింది సార్" అన్నాడు. సెట్ అయింది నిజమే, సిమెంటులో స్తంభం సెట్ అయినట్టు.

ఈలోగా టిఫిన్ సెంటర్ వాళ్ళందరూ ప్లేట్లతో సహా వచ్చేశారు. ఒక పెద్దాయన దోసె తుంచుకుంటూ, "ఎంత ఇస్తది?" అన్నాడు. పద్దెనిమిది అన్నా. "లీటరుకా?" అని మళ్ళీ అడిగాడు, అర లీటరుకి చెప్పానేమోనని అనుమానం. ఇంకొకాయన హారన్ కొట్టమన్నాడు. ఎందుకో తెలీదు గానీ కొట్టా.

అప్పుడొచ్చాడు ఎక్సెల్ మీద ఒకాయన. టీవీఎస్ ఎక్సెల్, సీటు మీద గోనెపట్టా, హ్యాండిల్‌కి రెండు పక్కలా తలకిందులుగా వేలాడుతున్న నాటుకోళ్ళు. బండి ఆపి, ఒక కాలు కింద పెట్టి (ఎంత తేలిగ్గా పెట్టాడో, పాదం మొత్తం ఆనింది) నన్ను చూశాడు. కోళ్ళు కూడా చూశాయి. ఉన్నది తలకిందులుగానే గానీ, మా ఇద్దరిలో ఇరుక్కుంది ఎవరో వాటికి స్పష్టంగా తెలిసినట్టుంది.

"తాడేస్తే అచ్చేస్తదన్నా, ఎంతసేపు" అన్నాడు.

కోళ్ళని విప్పాడు. ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసి, టై కట్టుకున్న కుర్రాడి చేతికిచ్చాడు. కుర్రాడు రెండు చేతులా నాలుగు కోళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. కోళ్ళ గురించి కంపెనీ పాలసీలో ఏమీ లేదనుకుంటా.

నైలాన్ తాడు ఒక కొస నా వెనక కమ్మీకి, ఇంకో కొస ఎక్సెల్ క్యారేజీకి. టిఫిన్ సెంటర్ మాస్టరు ముందు నుంచి తోయడానికొచ్చి లైటు మీద చెయ్యేశాడు. చేతికి చట్నీ. "అక్కడొద్దు మాస్టారూ, ప్లాస్టిక్కు" అని అరిచా. ఎక్సెల్ గుర్రుమంది. దానికున్నవి నాలుగు గుర్రాలు, చిల్లర. నా కింద నూట ముప్పైకి పైగా. నాలుగూ పైకి లాగుతున్నాయి, నూట ముప్పై కదలడం లేదు. ఎక్సెల్ చక్రం కంకరలో తిరుగుతోంది, పొగ లేస్తోంది, దోసె పెద్దాయన "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటున్నాడు.

ఎక్సెలాయన ఆపి, వెనక్కి తిరిగి, చాలా మర్యాదగా అడిగాడు.

"అన్నా, న్యూట్రల్ల ఉన్నదా?"

తాళం తిప్పి చూశా. మీటరు మీద ఇంత లావు అక్షరాలతో, ఆకాశంలోంచి తీసిన ఫొటోలో కూడా కనపడేంత స్పష్టంగా: 1.

జారిపోకుండా గేరులో పెట్టింది నేనే. పావుగంట నుంచి నేను తోస్తున్నది బండిని కాదు, ఇంజన్ని. ఎవరికీ కనపడకుండా కాలి బొటనవేలితో మెల్లగా న్యూట్రల్ చేసి, "ఉంది, ఉంది" అన్నా. తర్వాతి లాగుడుకి నూట ముప్పై గుర్రాలూ బుద్ధిగా వెనక్కి నడుచుకుంటూ రోడ్డెక్కాయి. జనం చప్పట్లు కొట్టారు. ఎక్సెల్‌కి.

ఐదొందలు ఇవ్వబోతే తీసుకోలేదు. "పైసలెందుకన్నా. గంతగా అనిపిస్తే ఒక కోడి తీస్కో." కాదనడానికి నాకు మొహమెక్కడుంది? బేరం కూడా ఆడలేదు. తీరా చూస్తే ఈ బండికి కోడిని తగిలించే చోటే లేదు. ఆ పక్కపెట్టెలు వేరుగా కొనాలట. అది కూడా షీటులో లేదు. చివరికి కుర్రాడే దాన్ని స్కూటీ ముందు కాళ్ళ దగ్గర పెట్టుకుని షోరూమ్ దాకా తెచ్చాడు.

"బైకు కొనడానికెళ్ళి కోడిని తెచ్చారేంటండీ?" అని మా ఆవిడ తలుపు దగ్గరే నిలబెట్టి అడిగింది. షీటు తెరిచి మొత్తం వివరించబోయా. వినలేదు.

ఈ ఉదయం షోరూమ్ కాల్‌సెంటర్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, టెస్ట్ రైడ్ అనుభవానికి పదికి ఎంత ఇస్తారంది. మీటింగులో ఉన్నానని పెట్టేశా. ఆ వెంటనే కుర్రాడి నుంచి వాట్సాప్. "సార్, తొమ్మిదికి తగ్గితే నా ఇన్సెంటివ్ పోద్ది సార్." దాని కింద ఈఎంఐ పట్టిక. దాని కింద ఇంకో మెసేజ్.

"కోడి వండేశారా సార్?"

బాల్కనీలో ఉంది. ఇప్పుడే నా హెల్మెట్‌లో దిగి కూర్చుంది, లేపబోతే పొడుస్తోంది.