ఎంఆర్‌ఐ ఒక్కటే చూసి చెయ్యికి రేటు కట్టొద్దు

2019 జూన్ 8న అమెరికాలోని నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ బేస్‌బాల్ టీము ఓడితే ఇంక ఇంటికే. ముందు రోజే డ్యూక్ చేతిలో 18-5తో చిత్తుగా ఓడిపోయి ఉంది. అలాంటి రోజు బంతి ఫస్టియర్ పిచర్ (బంతి విసిరేవాడు) కుమార్ రాకర్ చేతిలో పెట్టారు. మ్యాచ్‌లోని తొమ్మిది ఇన్నింగ్స్ తనే వేశాడు, 19 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని ఔట్ చెయ్యడం), ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. అతని స్లైడర్ అనే బంతి అచ్చం ఫాస్ట్‌బాల్ లాగే బయల్దేరి, బ్యాటర్ ఊపడం మొదలెట్టాక ఉన్నట్టుండి కిందకి జారిపోయేది, బ్యాట్ గాల్లో తిరిగేది, బంతి క్యాచర్ గ్లవ్‌లో ఉండేది. ఆ రోజు మొత్తం 131 బంతులు వేశాడు. ఈ 131 దగ్గరికి మళ్లీ వద్దాం.

కుమార్ అన్న పేరు వినగానే మనవాళ్లకి సందేహం వస్తుంది కదా, నిజమే, వాళ్లమ్మ వైపు అమ్మమ్మ తాతయ్యలు ఇండియా నుంచి వెళ్లినవాళ్లే. నాన్న ట్రేసీ రాకర్ ఆబర్న్ యూనివర్సిటీలో పేరు మోసిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. అయినా ఈ కథ మేం రాస్తున్నది అతను మనవాడని కాదు, ఒక కాలేజీ పిచర్‌ని ప్రొఫెషనల్ టీములు ఎలా తూకం వేస్తున్నాయో దీనికంటే బాగా చెప్పే కథ మాకు ఇంకోటి కనిపించలేదు.

2021 సీజన్‌లో రాకర్ 122 ఇన్నింగ్స్‌లో 179 స్ట్రైకౌట్లు తీశాడు. మధ్యలో ఫాస్ట్‌బాల్ స్పీడు కొన్నాళ్లు తగ్గింది, టీముల కోసం కుర్రాళ్లని వెతికే స్కౌట్లు స్పీడు కొలిచే రాడార్ గన్ చూసుకుని మొహాలు చిట్లించారు. జూలైలో డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ టీములు కొత్త కుర్రాళ్లని వరసగా ఎంచుకునే చోట, న్యూయార్క్ మెట్స్ టీము అతన్ని 10వ నంబర్లో ఎంచుకుంది, 60 లక్షల డాలర్లకి మాట అయిపోయిందని వార్తలొచ్చాయి. తర్వాత మెడికల్ టెస్టులు జరిగాయి, చేతి విషయంలో అనుమానం ఉందన్నారు, ఆగస్టు 1 గడువు దాటిపోయింది, అసలు ఆఫరే ఇవ్వలేదు. రూల్ ప్రకారం మెట్స్‌కి మరుసటి ఏడాది బదులుగా 11వ పిక్, అంటే 11వ నంబర్లో ఎంచుకునే ఛాన్సు, వచ్చింది. అంటే టీముకి పెద్దగా పోయిందేమీ లేదు, కుర్రాడికేమో ఏడాది పోయింది, పైగా ఆ చెయ్యి పాడైందట అన్న మాట దేశమంతా పాకిపోయింది. ఇక్కడే మాకు బాధేస్తుంది.

ఇప్పుడు డాక్టర్లది తప్పని మేం అనట్లేదు. ఆ సెప్టెంబర్‌లో భుజానికి చిన్న ఆపరేషన్ అయింది. 2022లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే ఇండిపెండెంట్ టీములో ఆడి, మళ్లీ డ్రాఫ్ట్‌కొస్తే టెక్సస్ రేంజర్స్ ఏకంగా 3వ నంబర్లో తీసుకుని 52 లక్షల డాలర్లు ఇచ్చింది. 2023 మేలో మోచెయ్యికి టామీ జాన్ సర్జరీ, అంటే తెగిన లిగమెంట్ స్థానంలో ఒంట్లో వేరే చోటి నుంచి తీసిన నరం లాంటి తంతువు వేసి కుట్టడం. కోలుకుని 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో అన్నిటికంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడి, నాలుగు ఇన్నింగ్స్‌లోనే ఏడు స్ట్రైకౌట్లు తీశాడు. 2025లో మళ్లీ తడబడ్డాడు, కింది లీగ్‌కి పంపారు. మెట్స్ భయపడింది ఊరికే కాదు, రేంజర్స్ నమ్మింది కూడా ఊరికే కాదు. ఒకే చెయ్యి చూసి ఇద్దరూ రెండు రకాలుగా అనుకున్నారంటే స్కాన్ ఒక్కటే తీర్పు చెప్పలేదని అర్థం.

స్కౌట్లు వాడేది 20 నుంచి 80 దాకా ఉండే స్కేలు, 50 అంటే మేజర్ లీగ్‌లో సగటు. ఫాస్ట్‌బాల్‌కి ఒక మార్కు, స్లైడర్‌కి ఒకటి, నెమ్మదిగా వచ్చి బ్యాటర్‌ని మోసం చేసే చేంజప్‌కి ఒకటి, బంతిని అనుకున్న చోట వేసే కంట్రోల్‌కి ఇంకోటి. కాలేజీలో స్టార్టర్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్, వారానికి ఒక్కసారి వేస్తాడు, పైన ఐదారు రోజులకోసారి వెయ్యాలి, కాలేజీలో మెటల్ బ్యాట్లు, పైన చెక్క బ్యాట్లు, ఇవన్నీ లెక్కలోకి తీసుకుని మార్కులెయ్యాలి. మా ఉద్దేశంలో వీటన్నిటితో పాటు ఆ చెయ్యిని అప్పటిదాకా ఎవరు ఎంత వాడారు అనేది కూడా అంతే పెద్దగా రాసుకోవాలి. స్కాన్‌లో అరుగుదల కనిపిస్తుంది గానీ అది ఎవరి వల్ల వచ్చిందో కనిపించదు.

పాత కథ ఒకటుంది. 1996లో ఇదే రేంజర్స్ టెన్నెసీ పిచర్ ఆర్.ఏ. డిక్కీని మొదటి రౌండ్లో తీసుకుని 8,10,000 డాలర్లు ఇస్తామంది. ఒక పత్రిక కవర్ మీద ఒలింపిక్ టీము కుర్రాళ్లతో నిలబడ్డ డిక్కీ కుడిచెయ్యి ఏదో తేడాగా వేలాడటం టీము వాళ్ల కంట్లో పడింది, పరీక్ష చేస్తే మోచేతిలో ఉండాల్సిన ముఖ్యమైన లిగమెంటే లేదు. ఆఫర్ 75,000కి పడిపోయింది. ఆ డిక్కీ దాదాపు తిరక్కుండా ఊగుతూ వచ్చే నకుల్‌బాల్ నేర్చుకుని 2012లో లీగ్‌లో బెస్ట్ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు కొట్టాడు, అప్పుడు ఆడింది మెట్స్‌కే. ఫొటోలో తేడా పట్టినవాళ్లది మంచి కన్నే, ఆ మనిషిలో ఉన్న పట్టుదల మాత్రం ఏ పరీక్షలోనూ దొరకలేదు.

రాకర్ గొడవ తర్వాత మేజర్ లీగ్‌కీ ఆటగాళ్ల యూనియన్‌కీ మధ్య జరిగిన 2022 ఒప్పందంలో ఒక మంచి మార్పు వచ్చింది. డ్రాఫ్ట్‌కి ముందే మెడికల్ పరీక్ష చేయించుకున్న కుర్రాడికి, ఎంపికైతే, ఆ పిక్‌కి నిర్ణయించిన విలువలో కనీసం 75 శాతం ఆఫర్ ఇచ్చి తీరాలి. సంతలో ఎద్దుకి బేరం కుదిరాక పళ్లు చూసి వద్దనే పద్ధతికి కొంత అడ్డుకట్ట పడింది, దీన్ని మేం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాం. కానీ భారం ఇంకా కుర్రాడి వైపే ఎక్కువ వాలి ఉంది, ఎందుకంటే ఆ చెయ్యిని వాడుకున్న కాలేజీని ఎవరూ ఏమీ అడగట్లేదు.

అందుకే ఆ 131. ఆ బంతుల వల్లే నాలుగేళ్ల తర్వాత మోచెయ్యి పోయిందని ఎవరూ తేల్చలేరు, మేమూ అనం. కానీ లిటిల్ లీగ్ అనే పిల్లల పోటీల్లో పన్నెండేళ్ల పిల్లాడు రోజుకి 85 బంతులు దాటి వెయ్యడానికి లేదు, 66 దాటితే నాలుగు రోజులు రెస్ట్ ఇవ్వాలి. హైస్కూల్‌లోనూ 2017 నుంచి ప్రతి రాష్ట్రంలో పరిమితి ఉండాల్సిందే. కాలేజీకి రాగానే అక్కడి ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ అలాంటి హద్దు ఏదీ పెట్టలేదు, అంతా కోచ్ ఇష్టం, అదీ జీవితం మొత్తం ఆ చెయ్యి మీదే ఆధారపడిన వయసులో. ఇది మాకు మింగుడు పడట్లేదు.

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మన తెలుగు కుటుంబాలు ఎంతగా ఉన్నాయో చెప్పక్కర్లేదు, 2024లో రాకర్ సర్జరీ నుంచి కోలుకుంటూ బంతులేసిన ఊళ్లలో అదీ ఒకటి, రేంజర్స్ కింది టీము రఫ్‌రైడర్స్ అక్కడే ఉంది. ఇంత స్పీడు వేస్తున్నాడు అని పిల్లాడి గురించి పొంగిపోయే అమ్మానాన్నలకి మేం చెప్పేది ఒకటే, స్పీడుతో పాటు బంతుల లెక్క ఒక పుస్తకంలో రాసి ఉంచుకోండి. ఎన్‌సీఏఏ బంతుల హద్దు, రెస్ట్ రోజులు రెండూ రూలుగా తేవాలి, డ్రాఫ్ట్‌కి ముందు టీములు చూసే మెడికల్ ఫైల్లో కాలేజీ మూడేళ్ల బంతుల లెక్క స్కాన్ పక్కనే ఉండాలి, ఆ ఫైల్ మొత్తం కుర్రాడు తనకి నచ్చిన డాక్టర్‌కి చూపించుకోగలగాలి.