మహారాజశ్రీ చలి జాకెట్ గారికి

అయ్యా,

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు దాకా తమరి సేవలోనే గడిపి, చేతులు పీకుతుండగా రాసుకుంటున్న విన్నపం. చిత్తగించవలెను.

కొన్న రోజు గుర్తుందా? షాపతను తమర్ని రెండు చేతుల్తో పిసికి, "చూడండి సార్, పిడికెడైపోతుంది. మైనస్ 20 దాకా ఢోకా లేదు" అన్నాడు. ఆ పిడికెడు చూసే 14 వేలు కట్టాను. మా అమ్మ ఫోన్లో "వాడు 14 వేలు పెట్టి జాకెట్టు కొనుక్కున్నాడే" అంటే, అవతల పిన్ని చాలాసేపు మాట్లాడలేదట. ఆ పరువు సంగతి వదిలేద్దాం.

ఈరోజు తమర్ని పెట్టెలో మడిచాను. చుట్టాను. మూత మీద కూర్చున్నాను. ఆఖరికి గాలి తీసే కవరొకటి తెప్పించి, ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ గొట్టం దానికి తగిలించాను. అప్పడంలా అణిగారు. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం. టీ తాగి వచ్చేసరికి పూరీలా పొంగి కూర్చున్నారు. మళ్ళీ లాగాను, మళ్ళీ పొంగారు. మూడోసారి కవరుకి చెవి ఆనించి విన్నాను. సన్నగా సుయ్యిమంటోంది. నవ్వినట్టే ఉంది.

"జాకెట్ లోపల కూరిన ఈకల మధ్య ఇరుక్కున్న గాలే కదా నాన్నా వెచ్చగా ఉంచేది" అంది మా అమ్మాయి, తాపీగా. అంటే గాలి తీస్తే తమరు తమరు కారు. తీయకపోతే పెట్టె మూత పడదు. మొత్తానికి 14 వేలు పోసి గాలి కొన్నాను!

లోపల కాటన్ బనీను వద్దట, చెమట పీల్చుకుని ఒంటికి చలి పుట్టిస్తుందట. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నమ్ముకున్న బనీను! పోనీ. 90 యూరోల వీసా ఫీజు, ఆపైన 30 వేల యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్సు కాగితం అడిగినవాళ్ళు కూడా నన్ను ఇంత ఏడిపించలేదు. ఇంతా చేసి వెళ్ళేది ఫిన్లాండ్‌లోని రొవానియెమికి. డిసెంబరు మూడో వారంలో అక్కడ పొద్దు రెండు గంటలు మాత్రమే. ఫోటోల్లో తమరి రంగైనా తెలియదు.

ఇదిగో, ఇప్పుడే మెయిల్ వచ్చింది. హస్కీ కుక్కల బండి బుక్ చేశాం కదా, వాళ్ళ దగ్గర్నుంచి. ఒళ్ళంతా కప్పే ఓవరాల్, బూట్లు, చేతి తొడుగులు అన్నీ వాళ్ళే ఇస్తారట!

ఒరేయ్ గాలితిత్తీ! నీకోసం కందిపొడి డబ్బా తీసేశాను. ఆవకాయ సీసా తీసేశాను. అమ్మ పొద్దున్నే లేచి చేసిన చేగోడీలు తీసేశాను, ఆవిడ మొహం చూడలేక పక్క గదిలోకి పోయాను. తూకం వేస్తే 700 గ్రాములు లేవు నువ్వు. 23 కిలోల లెక్కలో నీ ఊసే లేదు. చోటు మాత్రం సగం పెట్టె కావాలా?

దిగు. చేగోడీలు ఎక్కుతాయి.

నిన్ను వదిలేసి పోనులే. రాత్రి అమ్మాయి ఏసీ 18లో పెట్టుకుని, దుప్పటి తన్నేసి నిన్నే కప్పుకుని పడుకుంది. చూశాను. శనివారం నిన్ను ఒంటి మీదే వేసుకుని శంషాబాద్ వస్తాను, మెడ దాకా జిప్పు పెట్టుకుని. దారిలో క్యాబ్ డ్రైవరు అద్దంలోంచి చూసి "జ్వరమా సార్?" అని అడిగితే మాత్రం జవాబు నువ్వే చెప్పుకో.

ఇట్లు,
చెమటలు కక్కుతూ,
నీ యజమాని