ఒక్క లైన్ టైపు చేస్తే ఆల్బమ్ షీట్ తయారవదు

"ఏఐ వచ్చేసింది. ఫొటోషాప్‌లో లేయర్లు, మాస్కులు నేర్చుకోవడం టైం వేస్ట్. ఒక్క లైన్ టైపు చేస్తే ఫొటో రెడీ. ఏడాదికో వెర్షన్ మారుతుంటే నేర్చుకున్నదంతా పాతబడిపోతుంది. డబ్బు పెట్టి కొనలేనివాళ్లకు ఎలాగూ దారి లేదు."

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. స్టూడియోల్లో పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు దీన్ని నమ్మి మొదటి పాఠం దగ్గరే ఆగిపోతున్నారు. అందుకే జవాబు రాస్తున్నాను.

ముందు మాస్కుల సంగతి. లేయర్ అంటే ఫొటో మీద పరిచే పొర, మాస్క్ అంటే ఆ పొరలో కొంత భాగాన్ని చెరపకుండా దాచే తెర. ఎంచుకున్న భాగాన్ని మనం టైపు చేసిన మాటను బట్టి నింపే ఫొటోషాప్ ఏఐ పనిముట్టు జెనరేటివ్ ఫిల్ 2023 మేలో బీటాగా (పరీక్ష వెర్షన్‌గా) వచ్చింది, సెప్టెంబరులో అందరికీ అందింది. దాన్ని వాడాక లేయర్స్ ప్యానెల్ చూడండి. నింపిన భాగాన్ని కొత్త లేయర్‌గా, దానికో మాస్క్ తగిలించి మీ చేతిలో పెడుతుంది. అంటే ఏఐ చేసిన పనిని సరిదిద్దాలన్నా మాస్కే దిక్కు. తలంబ్రాల ఫొటో తీసుకోండి. సెలెక్ట్ సబ్జెక్ట్ నొక్కితే పెళ్లికొడుకు, పెళ్లికూతురు బ్యాక్‌గ్రౌండ్ నుంచి సెకన్లలో కట్ అవుతారు. ఆ సుఖాన్ని నేను కాదనను. కానీ గాల్లో ఉన్న బియ్యం గింజలు, బాసింగం అంచు, జడలోంచి బయటికొచ్చిన మల్లెలు తరచూ తెగిపోతాయి. వాటిని వెనక్కి తెచ్చేది మాస్క్ మీద తెల్ల బ్రష్. తెలుపు చూపిస్తుంది, నలుపు దాస్తుంది. అదే ఎరేజర్‌తో చెరిపి, సేవ్ చేసి మూసేస్తే ఆ గింజలు మళ్లీ రావు.

ఇక "ఒక్క లైన్" మాట. 12×36 అంగుళాల ఆల్బమ్ షీట్ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 10,800×3,600 పిక్సెళ్లు. జెనరేటివ్ ఫిల్ మొదట్లో ఒక్కసారికి 1,024×1,024 పిక్సెళ్లకు మించి తయారు చేసేది కాదు. ప్రింటులో అది మూడున్నర అంగుళాలు కూడా రాదు. సెలెక్షన్ పెద్దదైతే సాగదీసి నింపేది. తర్వాతి మోడళ్లు మెరుగయ్యాయి, నిజమే. అయినా 100 శాతం జూమ్‌లో చూడకుండా ల్యాబ్‌కు పంపొద్దు.

దీనికంటే నన్ను బాధపెట్టేది చీరల ఫొటోలు. పోచంపల్లి ఇక్కత్‌లో దారాన్ని నేతకు ముందే ముడులు కట్టి రంగు అద్దుతారు. అందుకే డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ఆ చెదురే ఇక్కత్ గుర్తు. మడత పోగొట్టమని ఏఐకి అప్పజెప్తే ఆ అంచుల్ని గీత గీసినట్టు నున్నగా చేయగలదు, చీరలో లేని పువ్వును కూడా కల్పించగలదు. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు ఉంటాయి. రెండింటి మెరుపులో ఉన్న తేడా చెరిగిపోతే అది గద్వాల చీరలా ఉండదు. ఆన్‌లైన్‌లో చూసి కొన్నామె తీరా విప్పి చూసి తిప్పి పంపితే నష్టం నేతన్నకే. ఇలాంటి ఫొటోకు అసలు ఫొటోను ముట్టకుండా పైన వేసే కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్‌తో వెలుతురు సరిచేయండి, మడత మీద హీలింగ్ బ్రష్ కొద్దిగా వాడండి, అంతవరకే. చనిపోయిన తాతగారి పాత ఫొటో పెద్దది చేసేటప్పుడూ ఇదే జాగ్రత్త ఉండాలి. మసకబారిన కళ్లను ఏఐ ఊహించి గీస్తుంది, ఇంట్లోవాళ్లు మాత్రం "ఈయన మా నాయిన కాదు" అంటారు.

ఫ్లెక్స్ మీద పేర్ల అక్షరాలను ఏఐతో గీయించొద్దు. ఒత్తులు తప్పుతాయి. టైప్ లేయర్‌లోనే కొట్టండి. యూనికోడ్ ఫాంటులో ఒత్తులు విడిపోతుంటే వరల్డ్-రెడీ లేఅవుట్ (మన లిపులను సరిగ్గా కూర్చే సెట్టింగ్) పెట్టండి.

నేర్చుకున్నది పాతబడుతుందా? ఫొటోషాప్ 1990లో వచ్చింది. లేయర్లు 1994లో 3.0తో, అడ్జస్ట్‌మెంట్ లేయర్లు 1996లో 4.0తో వచ్చాయి. ఆ తర్వాత 2002లో హీలింగ్ బ్రష్, 2010లో చుట్టూ ఉన్నదాన్ని చూసి ఖాళీ నింపే కంటెంట్-అవేర్ ఫిల్ చేరాయి. వీటిలో ఏదీ పోలేదు, కొత్తవన్నీ పాతవాటి మీదే నిలబడ్డాయి.

డబ్బు మాటకొస్తే, గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. 2025 మార్చిలో వచ్చిన 3.0లో అసలు ఫొటో చెడకుండా ఫిల్టర్లు వేసుకునే పద్ధతి చేరింది. ఫొటోపీ అయితే బ్రౌజర్‌లోనే పీఎస్‌డీ (ఫొటోషాప్) ఫైళ్లు తెరుస్తుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రెండిట్లో ఏదో ఒకటి తెరిచి, ఎరేజర్ ముట్టకుండా మాస్క్ ఒక్కదానితోనే ఒక పెళ్లి ఫొటో కటింగ్ చేసి చూడండి.