రేషన్ కార్డు ఒడిశాలో, ఆసుపత్రి విశాఖలో: సరిహద్దు కుటుంబాలకు ఏ బీమా అక్కరకొస్తుంది?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పెద్ద జబ్బు బయటపడితే ముందుగా వచ్చే మాట 'విశాఖ తీసుకెళ్దాం' అన్నదే. బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నా, కూతురో అల్లుడో విశాఖలో ఉన్నారనో, డాక్టరుకు బాధ తెలుగులో చెప్పుకోవచ్చనో దాదాపు 280 కిలోమీటర్లు రైల్లో వెళ్లడానికి సిద్ధపడతారు. బీమా గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఎన్ని లక్షలు వస్తాయనే అడుగుతాం గానీ, మనం నిజంగా వెళ్లి చేరే ఆసుపత్రిలో ఆ కార్డు చెల్లుతుందా అని అడగం. సరిహద్దు జిల్లాల వారు ముందుగా అడగవలసింది ఈ రెండో ప్రశ్నే.

ఆరోగ్యశ్రీ 2007లో తొలి విడతగా మొదలైన జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అందుకే ఇచ్ఛాపురం, పాతపట్నం చుట్టాల నోట 'ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయిపోయింది' అన్న మాట మనవాళ్లు ఏళ్ల తరబడి వింటున్నారు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకం ఆంధ్రప్రదేశ్ నివాసులది. భాష ఒకటే అయినా, ఊరు పదిమైళ్ల దూరమే అయినా, ఒడిశా రేషన్ కార్డుదారుకు అది వర్తించదు. ఆధార్ చిరునామాను చుట్టాలింటికి మార్చేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. అది సరైన దారి కాదు, పైగా ఉన్న రేషన్ కార్డుకే ముప్పు తెచ్చుకోవడం.

ఆ అవసరం కూడా ఇప్పుడు చాలావరకు తీరింది. 2018 నుంచి నడిచిన బిజు స్వాస్థ్య కళ్యాణ్ యోజన స్థానంలో, 2025 ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వం కేంద్రం నడిపే ఉచిత ఆసుపత్రి వైద్య పథకం ఆయుష్మాన్ భారత్‌తో కలిపి గోపబంధు జన ఆరోగ్య యోజనను ప్రారంభించింది. రేషన్ కార్డున్న కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయలు, మహిళలకు అదనంగా మరో 5 లక్షలు. ఈ అంకెలు పాత పథకంలోనూ దాదాపు ఇవే. మనకు అసలు మార్పు మరొకచోట ఉంది: ఆయుష్మాన్ జాబితాలోని ఆసుపత్రి దేశంలో ఎక్కడున్నా, విశాఖలో ఉన్నా, ఒడిశా కార్డు పనిచేస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆసుపత్రిని అన్ని విభాగాలకూ కలిపి జాబితాలో చేర్చరు. ఎముకల చికిత్సకు ఒప్పందం ఉన్నచోట గుండె చికిత్సకు లేకపోవచ్చు. రైలెక్కకముందే ఆయుష్మాన్ సహాయ నంబరు 14555కు ఫోన్ చేసి, ఆసుపత్రి పేరుతో పాటు జబ్బు పేరు కూడా చెప్పి అడగాలి.

మరో చిక్కు పేర్లది. గత ఏడాది మా పెద్దమ్మను మోకాలి శస్త్రచికిత్సకు తీసుకెళ్లినప్పుడు సహాయ కేంద్రం దగ్గర రెండు రోజులు కూర్చున్నాం. తెలుగు పద్ధతిలో ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పేరు చివర 'అమ్మ' ఉంది. ఒడియా రేషన్ కార్డులో ఇంటిపేరు వెనక్కి వెళ్లింది, 'అమ్మ' రాలిపోయింది. చేతిలోని ప్లాస్టిక్ కవరులోంచి ఒక్కో కాగితం తీసి చూపిస్తూ ఆ మనిషి తానేనని ఆమె చెబుతుంటే చూడటం కష్టమనిపించింది. ఈ తేడాను ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే సరిచేయించుకోవాలి.

ఉద్యోగ విరమణ చేసినవారి విషయం మరింత లోతుగా చూడాలి. 2024 అక్టోబరు 29న మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా వర్తిస్తుంది. కుటుంబానికి ఇప్పటికే ఆయుష్మాన్ ఉంటే, ఇంట్లోని 70 దాటినవారికి విడిగా మరో 5 లక్షలు. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం), ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) సభ్యులు మాత్రం తమ పథకం, ఈ కార్డు రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. కొత్త కార్డు మోజులో పాతది వదులుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. ఆయుష్మాన్ ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. నెలనెలా వాడే బీపీ, షుగర్ మాత్రలకు, డాక్టరుకు చూపించుకునే ఖర్చుకు అది వర్తించదు. సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్‌లలో ఇవి కూడా ఉన్నాయి. కార్మికుల బీమా పథకం ఈఎస్ఐలో కనీసం ఐదేళ్లు ఉండి పదవీ విరమణ చేసిన కార్మికులు ఏడాదికి 120 రూపాయలు కట్టి తమకూ జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగించుకోవచ్చన్నది తెలిసినవారు తక్కువ.

రేషన్ కార్డు లేని, 70 ఇంకా నిండని మధ్యతరగతి మనిషే అన్నిటికీ మధ్య చిక్కుకుపోతున్నాడు. బరంపురంలో ప్రైవేటు స్కూలు మాస్టారో, దుకాణం గుమస్తానో 60 ఏళ్లకు పని మానేస్తే, ప్రభుత్వ కార్డు చేతికి రావడానికి పదేళ్లు ఆగాలి. జబ్బులు మొదలయ్యేదీ సరిగ్గా ఆ పదేళ్లలోనే. ఆ మధ్యకాలానికి సొంత పాలసీ తప్ప దారి లేదు. 2024 ఏప్రిల్ నుంచి పాలసీ కొనడానికి గరిష్ఠ వయసు అడ్డు తొలగింది. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం, అంటే పాలసీ కొన్నాక వాటికి డబ్బు రాని కాలం, మూడేళ్లకు మించకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ లేదు. మూడేళ్ల నిరీక్షణ ఉంది కాబట్టి 57వ ఏటనే కొంటే 60కి అక్కరకొస్తుంది. ఉద్యోగులందరికీ కలిపి యజమాని తీసుకున్న గ్రూపు పాలసీ ఉంటే, విరమణకు ముందే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీగా మార్చుకోమని అడగాలి; అప్పటివరకు గడిచిన నిరీక్షణ కాలం వృథా పోదు. గది అద్దెకు పరిమితి ఉన్న పాలసీ జోలికి పోవద్దు, ఎందుకంటే ఖరీదైన గదిలో చేరితే అద్దెలోనే కాదు, డాక్టరు ఫీజు లాంటి ఇతర ఖర్చుల్లో కూడా అదే నిష్పత్తిలో కోత పడవచ్చు.

60 నుంచి 70 వరకు ఉన్న ఈ ఖాళీని పూడ్చవలసిన బాధ్యత ప్రభుత్వాలదే. అది తేలేలోపు, పెద్ద బడ్జెట్ అక్కర్లేని పని ఒకటుంది. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రభుత్వ ఆసుపత్రుల సహాయ కేంద్రాల దగ్గర, విశాఖలో ఏ ఆసుపత్రి ఏ జబ్బుకు ఆయుష్మాన్ జాబితాలో ఉందో ఒడియాలోనూ తెలుగులోనూ రాసి గోడకు అంటించాలి, నెలకోసారి దాన్ని మార్చాలి.