ఇచ్ఛాపురం దాటాక ఏమీ తినొద్దా?

పూరీ రథయాత్ర దగ్గరపడితే చాలు, ఆంధ్ర నుంచి ఒడిశా వచ్చేవాళ్ళకి జాగ్రత్తలంటూ వాట్సాప్‌లో ఒక మెసేజ్ బయల్దేరుతుంది. ఈసారి మా బరంపురం తెలుగు గ్రూపుల్లోకీ వచ్చిపడింది. మేం రోజూ తినే తిండి గురించి మాకే హెచ్చరిక! అందులో ఉన్నది ఇదీ: ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వచ్చాక రోడ్డు పక్కన ఏదీ ముట్టొద్దు, ఏసీ హోటల్లోనే తినండి. పఖాళ పాచిపోయిన అన్నం, విషం. కొండ ఊళ్ళలో అంబలి తాగి జనం చచ్చిపోయారు. తప్పక తినాల్సి వస్తే కారం, నిమ్మకాయ దట్టించండి, క్రిములు చస్తాయి. బాటిల్ నీళ్ళు కొనుక్కుంటే ఇక భయం లేదు. బయల్దేరే ముందే యాంటీబయాటిక్ మొదలుపెట్టండి. విరేచనాలు పట్టుకుంటే లంఖణం చేయండి.

చివర్లో ‘ఒక పెద్ద డాక్టరు గారు చెప్పారు’ అని ఉంది. ఆ డాక్టరుకి పేరు లేదు, ఊరు లేదు. నేను డాక్టర్ని కాను, మందుల షాపు నడుపుకునేవాణ్ణి. అయినా ఈ మెసేజ్ వల్ల ఎవరికి మేలు జరుగుతుందో నాకు బాగా తెలుసు: నాకే.

ముందు ఆ ఏసీ హోటల్ సంగతి. పొద్దున్నే మా వీధి చివర బరా (మన గారెలాంటిది) వేసే బండి దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. నూనె సలసలా కాగుతుంటుంది. బరా తీసీ తియ్యగానే ఆకు దొన్నెలో పడుతుంది. ఘుగుని (బఠాణీల కూర) గిన్నె పొయ్యి దిగదు. ఆ వేడికి బతికే క్రిమి దాదాపు ఉండదు. భయపడాల్సింది పక్కనున్న చట్నీ డబ్బాకి. దాన్ని ఎప్పుడు రుబ్బారో తెలీదు, ఏ నీళ్ళు కలిపారో తెలీదు, అందులో గరిటె పొద్దుటినుంచీ మునిగే ఉంది. స్టీలు ప్లేట్లయితే వాటిని ముంచే బకెట్టు వైపు కూడా ఒక చూపు వెయ్యండి. నేనైతే బరా, ఘుగుని దొన్నెలో తీసుకుని చట్నీ వద్దంటాను. ఇప్పుడు ఏసీ హోటల్ బఫే చూడండి. మూత కింద పనీర్ కూర గోరువెచ్చగా మూడు గంటలుగా కూర్చుని ఉంటుంది. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. అందుకే వండినదాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదంటారు. పొయ్యి దిగి ఎంతసేపయింది, ఏ నీళ్ళు తగిలాయి, ఏ చెయ్యి తగిలింది, చూడాల్సింది ఇవే. గోడకి ఏసీ ఉందా లేదా అన్నది కాదు.

ఇంకో సంగతి. కడుపు చెడితే అందరూ ఆఖరున తిన్నదాన్ని తిడతారు. ‘మీ ఊళ్ళో టిఫిన్ పడలేదండీ’ అంటూ షాపుకి వస్తారు. తిన్న ఆరు గంటల్లోపు వాంతులు మొదలైతే ఆ అనుమానానికి అర్థం ఉంది, నిల్వ తిండిలో తయారైన విషం అలా పనిచేస్తుంది. కానీ ప్రయాణాల్లో ఎక్కువగా పట్టుకునే ఈ-కోలి బ్యాక్టీరియా రకానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, క్యాంపిలోబ్యాక్టర్ అనే ఇంకో బ్యాక్టీరియాకి రెండు నుంచి ఐదు రోజులు. అంటే ఇవాళ బరంపురంలో బయటపడింది మొన్న రైల్లో తిన్నది కావచ్చు, మీ ఇంటి దగ్గర పెళ్ళిభోజనమూ కావచ్చు. తిట్లు మాత్రం మా బరాకి!

పఖాళ దగ్గర మెసేజ్ పూర్తిగా తప్పింది. వండిన అన్నాన్ని నీళ్ళలో నానబెట్టి రాత్రంతా ఉంచితే లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా పెరిగి పులుపెక్కుతుంది. ఆ పులుపులో చెడ్డ క్రిములకి పెరగడం కష్టం. మన చద్దన్నం, తరవాణి కూడా ఇంతే కదా. అసలు ప్రమాదం నీళ్ళు పొయ్యకుండా గిన్నెలో రాత్రంతా వదిలేసిన అన్నం. అందులో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా వాంతులు తెప్పించే విషాన్ని తయారుచేస్తుంది, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. ఆ అన్నమే మర్నాడు ఫ్రైడ్ రైస్‌గా వస్తే దాన్ని ఎవరూ అనుమానించరు! పఖాళలో అడగాల్సింది నీళ్ళ గురించి. అప్పటికప్పుడు నీళ్ళు పోసిచ్చే ‘సజ’ (తాజా) పఖాళకి పులుపు రక్ష కూడా ఉండదు. కాచిన నీళ్ళో ఫిల్టర్ నీళ్ళో అయితేనే తినండి.

అంబలి చావుల మాట అబద్ధం కాదు, కానీ చెప్పిన తీరు అన్యాయం. 2024లో కంధమాల్ జిల్లా దారింగ్‌బాడి బ్లాకులో మామిడి టెంకల్లోని జీడితో కాచిన అంబలి తాగి కొందరు చనిపోయారు. కొండల్లో తిండిగింజలు అయిపోయిన రోజుల్లో పేదవాళ్ళు దాచుకుని కాచుకునే తిండి అది. టూరిస్టుకి ఎవరూ వడ్డించరు. కొరాపుట్ సంతల్లో దొరికేది చోడి (రాగి) అంబలి. దానికీ దీనికీ ముడిపెట్టడం ఏం న్యాయం?

కారం, నిమ్మకాయ సంగతి. గుప్‌చుప్ (పానీపూరీ) బండి దగ్గర చూస్తుంటాం కదా, ప్రతి పూరీకీ బండివాడి చెయ్యి మణికట్టు దాకా చింతపండు నీళ్ళ కుండలో మునిగి లేస్తుంది. ఎంత కారం వేసినా అది నాలుకనే కాల్చగలదు. నిమ్మరసం పిండిన రెండు నిమిషాల్లో ఏ నీళ్ళూ శుద్ధి కావు.

నీళ్ళ భయం మాత్రం నిజమైనదే. రాయగడ జిల్లా కాశీపూర్ వైపు 2007లోనూ, మళ్ళీ 2022లోనూ వానాకాలంలో కలరా వచ్చింది. బాటిల్ మంచిదే, సీలు చూసి కొనండి. కానీ బాటిల్ చేతిలో పట్టుకుని ఐసు వేసిన చెరకురసం తాగితే ఏం లాభం? గడ్డకడితే క్రిములు చావవు, నిద్రపోతాయంతే. బాటిల్ దొరకని చోట నీళ్ళు తెర్లనిచ్చి ఒక్క నిమిషం ఉంచితే చాలు.

ఇక యాంటీబయాటిక్. ఈ మెసేజ్ వచ్చిన వారం నుంచీ స్ట్రిప్పులు అడిగేవాళ్ళు పెరిగారు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వనంటే ముఖం మాడ్చుకుని పక్క షాపుకి పోతున్నారు. మామూలు ప్రయాణికుడికి ముందస్తు యాంటీబయాటిక్ అక్కర్లేదు. వైరస్ మీద అది పనిచెయ్యదు. పేగుల్లో మంచి బ్యాక్టీరియాని చంపి, మందుకి లొంగని మొండి రకాలకి చోటిస్తుంది. పైగా మన ఆసియాలో క్యాంపిలోబ్యాక్టర్ చాలావరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కి ఎప్పుడో మొండికేసింది.

లంఖణం పరమౌషధం అన్న మాట దేనికి పుట్టిందో గానీ, విరేచనాలకి పనికిరాదు. ప్రాణం తీసేది ఒంట్లో నీరు పోవడం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. ఆ ఓఆర్ఎస్ పొట్లం ఇవాళ ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇస్తారు. లీటరు నీళ్ళకి ఒక పెద్ద పొట్లం, తగ్గించొద్దు, పెంచొద్దు. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, స్పూను అంచుకి సమంగా కొలిచి కలపండి. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి డ్రింకులు దానికి బదులు కావు. 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాటి పేర్లలో ఓఆర్ఎస్ అని వాడకుండా ఆపింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది. ఓఆర్ఎస్ తాగుతూనే ఆకలేస్తే మెత్తటి అన్నం, పెరుగు, అరటిపండు తినండి. పసిపిల్లలకి తల్లిపాలు ఆపకూడదు.

విరేచనాలు ఆపే బిళ్ళ బస్సు ప్రయాణంలో పెద్దవాళ్ళకి అక్కరకొస్తుంది, చిన్నపిల్లలకి వద్దు. మలంలో రక్తం, జ్వరం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, పసిబిడ్డ నీరసంగా వాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ బిళ్ళ కోసం కూడా నా షాపు దగ్గర ఆగొద్దు. ఆటో ఎక్కి నేరుగా ఎంకేసీజీ ఆసుపత్రికి పొండి.