పక్కింటికి వైఫై ఇవ్వండి, మెయిన్ పాస్‌వర్డ్ మాత్రం వద్దు

పక్కింట్లో నెట్ పోయింది, పిల్లాడికి రేపు ఆన్‌లైన్ పరీక్ష, ఒక్కరోజుకి మీ వైఫై పాస్‌వర్డ్ చెప్తారా అని అడిగితే కాదనడానికి మనలో చాలామందికి మనసొప్పదు, ఒప్పకూడదు కూడా. కనెక్షన్ పెట్టుకునే స్తోమత లేనివాళ్లకి పక్కింటి వైఫైయే చదువు, ఉద్యోగం, డాక్టర్ అపాయింట్‌మెంట్ అన్నీ. అందుకే ఇవ్వొద్దని మేం చెప్పట్లేదు. మా బాధంతా ఇచ్చే పద్ధతి గురించే.

ఒక్కరోజుకని చెప్పిన పాస్‌వర్డ్ ఆ ఫోన్లో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. వాళ్లింటికొచ్చిన చుట్టాలు అడిగితే ఆండ్రాయిడ్ 10 దగ్గర్నుంచి క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు, చాలా ఫోన్లలో ఆ కోడ్ కిందే పాస్‌వర్డ్ కూడా కనిపిస్తుంది, ఐఫోన్లో అయితే ఐఓఎస్ 16 నుంచి సేవ్ అయిన పాస్‌వర్డ్ నేరుగా చూసుకోవచ్చు. మీరు చెప్పింది ఒక్కరికే, చేరింది ఎంతమందికో మీకు తెలిసే దారి లేదు.

మెయిన్ పాస్‌వర్డ్ ఇవ్వడమంటే మంచినీళ్లు అడిగితే ఇంటి తాళాలు చేతిలో పెట్టినట్టే. ఆ నెట్‌వర్క్ మీద నెట్ ఒక్కటే ఉండదు కదా, సీసీ కెమెరా ఉంటుంది, స్మార్ట్ టీవీ, ప్రింటర్, ఫ్యామిలీ ఫోటోలు బ్యాకప్ పెట్టుకున్న హార్డ్ డ్రైవ్, లాప్‌టాప్‌లో ఎప్పుడో షేర్ చేసి మర్చిపోయిన ఫోల్డర్, ఇవన్నీ ఉంటాయి. ఈ వస్తువుల్లో చాలావాటికి నెట్‌వర్క్‌లోకి వచ్చినవాళ్లంతా ఇంట్లోవాళ్లే అన్న లెక్క. పక్కింటాయన చెడ్డవాడు కానక్కర్లేదు, ఆయన లాప్‌టాప్‌లో ఆయనకే తెలియని వైరస్ ఒకటుంటే సరిపోతుంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల కెమెరాల్నీ రౌటర్లనీ ఆక్రమించింది, దానికి పెద్ద తెలివేమీ అక్కర్లేకపోయింది, ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు అంతే. ఇప్పటికీ ఎన్నో ఇళ్లల్లో రౌటర్ సెట్టింగ్స్ పేజీకి లాగిన్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే. ఆ పేజీలోకి వెళ్లగలిగినవాళ్లు డీఎన్ఎస్ (సైట్ పేరు కొడితే దాని అసలు అడ్రస్ వెతికిపెట్టే వ్యవస్థ) మార్చి, మీరు ఒక సైట్ అడ్రస్ కొడితే ఇంకో నకిలీ సైట్‌కి పంపే ప్రయత్నం చేయొచ్చు, బ్రౌజర్ వార్నింగ్ ఇచ్చినా చదవకుండా ముందుకెళ్లే అలవాటు మనలో ఎంతమందికి లేదు?

అలాగని లేనిపోని భయం పెట్టడం మాకు ఇష్టం లేదు. వైఫైలో వెళ్లే డేటాకి తాళం వేయడానికి 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 పద్ధతే ఇంకా చాలా రౌటర్లలో నడుస్తోంది, ఇంటి పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు మీ ఫోన్ కనెక్ట్ అయ్యే క్షణాన్ని పట్టుకోగలిగితే గాల్లో వెళ్లే మీ డేటాని విప్పి చూడొచ్చు, ఇది నిజమే. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ లోపాన్ని సరిచేసింది. కానీ ఈరోజు అంతకంటే ముఖ్యమైన రక్షణ హెచ్‌టీటీపీఎస్, అంటే మీ ఫోన్‌కీ సైట్‌కీ మధ్య వెళ్లే డేటాని దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసే పద్ధతి. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న బ్రౌజర్ టూల్ వచ్చి, పాస్‌వర్డ్ లేని వైఫైలో పక్కనున్నవాళ్ల అకౌంట్లలోకి ఒక్క క్లిక్‌తో దూరిపోవచ్చని చూపించింది, ఆ తర్వాత పెద్ద సైట్లు ఒక్కొక్కటిగా హెచ్‌టీటీపీఎస్‌కి మారాయి, 2015లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దానికి కావాల్సిన సర్టిఫికెట్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక చిన్న సైట్లకీ సాకు లేకుండా పోయింది. కాబట్టి పక్కింటి వైఫైలో బ్యాంక్ యాప్ తెరవగానే పాస్‌వర్డ్ పోతుందన్న భయం ఇప్పుడు చాలావరకు అక్కర్లేదు.

పోయేది వేరే ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. వైఫై తీసుకున్నవాళ్లు ఏ సైట్‌లో ఏం చదివారో రౌటర్ ఓనర్‌కి కనపడదు కానీ ఏ సైట్‌కి వెళ్లారో, ఏ టైమ్‌కి వెళ్లారో కనపడొచ్చు, ఈమధ్య కొన్ని రౌటర్ యాప్‌లు అయితే ఏ ఫోన్ ఏ సైట్‌కి వెళ్లిందో వరసగా చూపించేస్తున్నాయి. ఆ సైట్ల పేర్లు చాలు ఒక మనిషి గురించి చెప్పడానికి. ఏ జబ్బు గురించి వెతుకుతున్నారు, ఎక్కడ అప్పు అడుగుతున్నారు, ఏ ఉద్యోగానికి అప్లై చేస్తున్నారు, విడాకుల లాయర్ కోసం చూస్తున్నారా, ఇవన్నీ గోడకి అవతలున్న మనిషికి తెలిసిపోవచ్చు, పైగా సాయం తీసుకున్నవాళ్లు నోరెత్తి అడగలేరు. అందుకే మేం గట్టిగా చెప్తున్నాం, సాయం చేశాం కదా అని చూసే హక్కు రాదు, ఆ లాగ్ (వెళ్లిన సైట్ల చిట్టా) ఉంటే ఆపేయండి, ఆపలేకపోతే ముందే వాళ్లకి చెప్పండి. తీసుకునేవాళ్లు కూడా ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ పేరు వెతకడాన్ని దాచే సెట్టింగ్) ఆన్ చేసుకుంటే సైట్ల పేర్లు బయటపడేది కొంత తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. వీపీఎన్ (డేటా అంతటికీ తాళం వేసి తన సర్వర్ మీదుగా పంపే సర్వీస్) పెట్టుకుంటే ఇంకా మెరుగు, కాకపోతే అప్పుడు నమ్మకం పక్కింటి మీద నుంచి ఆ వీపీఎన్ కంపెనీ మీదకి మారుతుంది, అది ఎలాంటి కంపెనీయో చూసుకోవాలి.

ఇచ్చినవాళ్లకున్న రిస్క్ కూడా చిన్నదేం కాదు. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా బయటికి మామూలుగా ఒక్క ఐపీ అడ్రస్సే (నెట్‌లో మీ కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబర్) కనిపిస్తుంది. ఆ అడ్రస్ నుంచి ఎవరైనా బెదిరింపు మెసేజ్ పెట్టినా, మోసం చేసినా విచారణ ముందు వచ్చేది కనెక్షన్ ఎవరి పేరు మీదుందో వాళ్ల దగ్గరికే. ఆ పని మేం చేయలేదని చెప్పుకోవాల్సింది మీరే. ఇంటి బయటివాళ్లకి ఇవ్వకూడదని కనెక్షన్ షరతుల్లో రాసే కంపెనీలూ ఉన్నాయి, ఒకసారి చూసుకోండి.

వీటిలో చాలావాటికి పరిష్కారం రౌటర్‌లోనే ఉంది, గెస్ట్ నెట్‌వర్క్. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్, అందులోకి వచ్చినవాళ్లకి నెట్ వస్తుంది, మీ కెమెరా, హార్డ్ డ్రైవ్ కనపడవు. లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్ అనే ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో మాత్రం చూడాలి, అది ఆన్‌లో ఉంటే వేరు చేసి ఏం లాభం లేదు. పక్కింటివాళ్లు ఇల్లు ఖాళీ చేశాక గెస్ట్ పాస్‌వర్డ్ ఒక్కటి మారిస్తే చాలు, మీ ఇంట్లో పది వస్తువులకి మళ్లీ మళ్లీ కొత్త పాస్‌వర్డ్ కొట్టుకునే పనుండదు.

కానీ ఈ భారమంతా జనం మీద వేయడం మాకు న్యాయంగా అనిపించట్లేదు. రౌటర్ సెట్టింగ్స్ పేజీ ఎలా తెరవాలో తెలియని ఇళ్లే ఎక్కువ. కనెక్షన్ పెట్టడానికి వచ్చిన మనిషి ఇంకో పది నిమిషాలు కూర్చుని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి, ఆ పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసిచ్చి వెళ్లేలా కంపెనీలు రూల్ పెట్టాలి. డబ్ల్యూపీఎస్ పిన్ (పాస్‌వర్డ్ కొట్టకుండానే వైఫైకి కనెక్ట్ చేసే నంబర్) కూడా అప్పుడే ఆపేయాలి, ఎనిమిది అంకెల ఆ పిన్‌ని సుమారు 11,000 ప్రయత్నాల్లో కనిపెట్టేయొచ్చని 2011లోనే బయటపడింది, అయినా పాత రౌటర్లలో అది ఇంకా ఆన్‌లోనే ఉంది. గెస్ట్ నెట్‌వర్క్ లేని రౌటర్ అమ్మడం కూడా మానేయాలి. ఇవన్నీ జరిగేదాకా అలాంటి రౌటర్ ఉన్నవాళ్లు పక్కింటి అవసరం తీరగానే పాస్‌వర్డ్ మార్చేసి, మార్చామని వాళ్లకి కూడా చెప్పేయండి.